నాలుగు తీగల సమతూకం

"అన్నా, కొన్ని నోట్లు గట్టిగా వస్తున్నాయి, కొన్ని అసలు రావట్లేదు." బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు రిపేరుకు తెచ్చే ఫిర్యాదుల్లో ఇది చాలా మామూలుది. పికప్ పోయిందేమో, తీగలు మార్చాలేమో, యాంప్ చిన్నదేమో అని తమకు తోచిన కారణం కూడా వెంటనే చెప్పేస్తారు. హైదరాబాదులో గిటార్లు సరిచేసే ఒక పనిమంతుడు మాత్రం ఈ మాట విన్న వెంటనే వాయిద్యం చేతిలోకి తీసుకోరు. "ఏ నోటు? ఏ తీగ మీద? ఎక్కడ నిలబడి వింటే?" అని అడుగుతారు. ఆయన పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం. పేరు రాయొద్దన్నారు, అందుకని రాయడం లేదు.

వాయిద్యాల రిపేరు అనగానే మన కళ్లకు కనబడేది చేతిపని. సోల్డరింగ్, ఫ్రెట్లు సానపట్టడం, వంగిన నెక్‌ని దారికి తేవడం. ఆ పనులన్నీ ఆయన శుభ్రంగా చేస్తారు. నన్ను కట్టిపడేసింది మాత్రం చెయ్యి పెట్టే ముందు ఆయన నడిపే విచారణ. లోపం ఎక్కడ పుట్టిందో తేలేదాకా ఒక్క స్క్రూ తిప్పరు. తేలాక ఒక్కసారికి ఒక్కటే మార్చి, విని, పనికిరాకపోతే మళ్లీ ఉన్నచోటికే తెస్తారు. పక్కనుంచి చూసేవాళ్లకు ఇందులో విశేషమేమీ కనబడదు. బేస్ విషయంలో నైపుణ్యమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

బేస్ ధ్వని చెవికి చేరేలోపు చాలా మజిలీలు దాటుతుంది. వేలు తీగను లాగుతుంది. తీగ కదలిక పికప్‌లో సన్నని విద్యుత్తు పుట్టిస్తుంది. అది వైరు గుండా యాంప్‌కు, యాంప్ నుంచి స్పీకర్‌కు, స్పీకర్ నుంచి గదిలోని గాలికి, గోడలకు, చివరికి మన చెవికి వెళుతుంది. ప్రతి మజిలీకీ కొన్ని స్వరాలను పెంచే శక్తి, కొన్నిటిని మింగే శక్తి ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగినా వినిపించేది మాత్రం ఒకటే: ఒక నోటు గట్టిగా, పక్క నోటు మెత్తగా. అందుకే విన్నవెంటనే కారణం చెప్పేవాళ్లు తరచూ పొరబడతారు.

ఆయన అడిగే ప్రశ్నల అంతరార్థం ఇక్కడ తెలుస్తుంది. బేస్ మీద ఒకే స్వరం ఒకటి కంటే ఎక్కువ చోట్ల దొరుకుతుంది. ఖాళీగా మీటిన 'ఎ' తీగ సెకనుకు 55 సార్లు కంపిస్తుంది, అంటే 55 హెర్ట్జ్. అదే స్వరం 'ఇ' తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర కూడా ఉంది. రెండు చోట్లా ఆ స్వరం ఒకేలా ఉప్పొంగితే లోపం వాయిద్యంలో లేదు. వాయిద్యం దాటాక యాంప్‌లోనో, స్పీకర్‌లోనో, గదిలోనో ఉంది. ఒక తీగ మీద చప్పగా పలికిన స్వరం ఇంకో తీగ మీద నిండుగా పలికితే లోపం వాయిద్యంలోనే ఉంది. ఒక తీగ మొత్తం ఈ చివర నుంచి ఆ చివరిదాకా నీరసంగా ఉంటే ముందు ఆ తీగనీ, దాని కింద పికప్ ఎత్తునీ అనుమానించాలి. ఒకే తీగ మీద ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గరే అయితే నెక్‌ని అనుమానించాలి. నాలుగడుగులు పక్కకు జరగగానే స్వరం మారిపోతే ఇక వాయిద్యాన్ని బ్యాగులో పెట్టేయొచ్చు, అది గది చేస్తున్న పని. తప్పు దేని వెంట తిరుగుతోంది? స్వరం వెంటా, తీగ వెంటా, ఫ్రెట్ వెంటా, మనిషి నిలబడ్డ చోటు వెంటా? ఈ ఒక్క విచారణతో సగం పని అయిపోతుంది, పనిముట్ల సంచి విప్పకుండానే.

ఆయన వెంట నేను వెళ్లిన జామ్ రూమ్ పొడవు 12 అడుగులు, వెడల్పు 10. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. ఇటుక గోడలు, సిమెంటు పూత, కింద టైల్స్, గోడల నిండా అంటించిన కోడిగుడ్ల అట్ట ట్రేలు. డ్రమ్స్, కీబోర్డు, గిటార్, బేస్ వాయించే నలుగురు కుర్రాళ్లు. ఆదివారం చర్చిలో ఆరాధనకు, మిగతా రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలకు వాయిస్తారు. మన ఊళ్లలో బేస్ గిటార్ నేర్చుకున్న కుర్రాళ్లలో చాలామందికి మొదటి వేదిక చర్చే.

వాళ్ల తగువు చిన్న గదుల్లో వాయించిన ప్రతి బృందానికీ తెలిసిందే. బేస్ అబ్బాయి గది నడిమధ్యలో నిలబడతాడు. తన 'ఎ' స్వరం తనకే సరిగా వినబడదు, వాల్యూమ్ పెంచుతాడు. గోడకు వీపు ఆనించి కూర్చున్న కీబోర్డు అబ్బాయికి అదే స్వరం కడుపులో మోగుతుంది, తగ్గించమని కేకేస్తాడు. ఒకరు చెప్పేది ఇంకొకరు నమ్మరు. నిజానికి ఇద్దరూ తమకు వినబడిందే చెబుతున్నారు. పైగా 'సి' స్వరం ఎవరికీ సరిగా అందడం లేదు. ఇళయరాజా పాట ఒకటి సాధన చేస్తుంటే ఈ లోటు వాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. ఇళయరాజా 1980ల నాటి పాటల్లో శశిధరన్ వాయించిన బేస్ వినేవాళ్లకు సంగతి అర్థమవుతుంది. అక్కడ బేస్ తాళానికి తోడుగా మాత్రమే నడవదు, పాట కింద ఇంకో పాటలా నడుస్తుంది. అలాంటి వరుసలో ఒక్క స్వరం జారిపోయినా వాక్యంలో క్రియాపదం పోయినట్టే.

రిపేరు చేసే ఆయన ముందుగా గదిని లెక్కలోంచి తీసేశారు. బేస్‌ని యాంప్‌కు కాకుండా నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపారు. వైరు మార్చి చూశారు, జాక్ కదిపి చూశారు, వాల్యూమ్ నాబ్ తిప్పి గరగర ఉందేమో విన్నారు. ఇవేవీ చెడలేదు. తర్వాత ఖాళీ 'ఇ' నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రెట్ పైకి జరుగుతూ, నాలుగు తీగల మీదా, పన్నెండో ఫ్రెట్ దాకా ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో మీటమన్నారు. తాను హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. ఫోన్ మైకు అడుగు స్వరాలను సరిగా పట్టదనీ, పైగా అది మళ్లీ గదిలోని శబ్దాన్నే పడుతుందనీ చెప్పారు.

హెడ్‌ఫోన్‌లో 'ఎ' ఉప్పొంగడం మాయమైంది. అయితే వేరే లోపాలు బయటపడ్డాయి. 'డి', 'జి' తీగలు బలంగా ఉంటే 'ఇ', 'ఎ' తీగలు రెండూ మొత్తంగా వెనకబడ్డాయి. 'జి' తీగ ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం పుట్టినట్టే పుట్టి చచ్చిపోతోంది. అంటే ఒక్క ఫిర్యాదుగా వచ్చినదాంట్లో గదివి, వాయిద్యానివి కలగలిసి ఉన్నాయి. ఆయన పికప్ వైపు టార్చి వేసి చూసి, "దీన్ని ఎవరు కిందికి దించారు తమ్ముడూ?" అన్నారు. 'ఎ' మరీ మోగుతోందని ఎవరో చెబితే ఆ అబ్బాయే ఆ వైపు పికప్‌ని దించుకున్నాడు. గది చేసిన తప్పుకు వాయిద్యాన్ని శిక్షించాడన్నమాట. దాంతో ఆ ఒక్క స్వరం కొంచెం తగ్గింది, ఆ రెండు తీగల మీది మిగతా స్వరాలన్నీ కూడా తగ్గాయి. ముందే బలహీనంగా ఉన్న 'సి' పూర్తిగా అడుగంటింది.

ఇక్కడ పికప్ గురించి కొంచెం చెప్పుకోవాలి, దాని కట్టడంలోనే మెచ్చుకోదగ్గ పనితనం ఉంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని బజారులోకి తెచ్చారు. మొదట్లో దానికి ఒకే కాయిల్ పికప్, ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతం ఉండేవి. 1957లో ఆ పికప్‌ని రెండు ముక్కలుగా విడదీశారు. ఒక ముక్క 'ఇ', 'ఎ' తీగల కింద, రెండోది కొంచెం జరిగి 'డి', 'జి' తీగల కింద. రెండు ముక్కల్లో కాయిల్ చుట్టు, అయస్కాంత దిశ ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి కాబట్టి కరెంటు తీగల నుంచి వచ్చే గుయ్‌మనే శబ్దం రెండింటిలో పరస్పరం కొట్టుకుపోతుంది, తీగల స్వరం మాత్రం మిగులుతుంది. ఇంకో సంగతి, ఒక్కో తీగకు ఇప్పుడు రెండేసి అయస్కాంతాలు, తీగ వాటి నడుమ నుంచి వెళుతుంది. తీగ సరిగ్గా అయస్కాంతం నడినెత్తిన ఉన్నప్పుడు వచ్చే పదునైన తొలిదెబ్బ ఇలా మెత్తబడుతుంది. ఈ రెండు ముక్కల ఎత్తును వేర్వేరుగా సరిచేసుకోవచ్చు. నాలుగు తీగల బలాన్ని సమం చేసే వీలు వాయిద్యంలోనే అమర్చిపెట్టారు. దాదాపు 70 ఏళ్లయినా ఆ అమరిక అలాగే వాడుకలో ఉందంటే మొదటిసారి అంత బాగా కుదిరిందన్నమాట.

ఆయన నేరుగా పికప్ స్క్రూల మీదికి వెళ్లలేదు. ఈ పనికి ఒక క్రమం ఉంది, దాన్ని తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. ముందు శృతి. తర్వాత నెక్ వంపు. 'ఇ' తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీతో కలిసేచోటా అదిమిపట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల మధ్య తీగకూ ఫ్రెట్‌కూ ఉన్న సందులో ఫీలర్ గేజి దూర్చి చూశారు. 0.3 మిల్లీమీటర్లు, బాగానే ఉంది. నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ జోలికి పోలేదు. తర్వాత తీగల ఎత్తు. ఆ తర్వాతే పికప్. నెక్ మారితే తీగల ఎత్తు మారుతుంది, తీగల ఎత్తు మారితే పికప్‌కి దూరం మారుతుంది. అందుకే ఈ వరుస.

చివరి ఫ్రెట్ దగ్గర తీగను అదిమి, తీగ అడుగు నుంచి అయస్కాంతం పైభాగం దాకా కొలిచారు. పాత తరహా పికప్‌లకు ఫెండర్ కంపెనీ సూచించే దూరం 'ఇ' వైపు అంగుళంలో 64 భాగాలకు 8, 'జి' వైపు 6. అంటే ఇంచుమించు 3.2, 2.4 మిల్లీమీటర్లు. ఆయన అక్కడి నుంచి బయల్దేరి, స్క్రూని పావు చుట్టు తిప్పడం, నాలుగు తీగలూ మీటించి వినడం, మళ్లీ పావు చుట్టు. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం లావు తీగను తనవైపు లాగుతుంది, స్వరం నిలకడ తప్పి ఊగుతుంది, శృతి కూడా చెడుతుంది. కాబట్టి బలహీనమైన ముక్కని ఎంత ఎత్తాలన్నదానికి హద్దుంది. అది దాటకుండా బలంగా ఉన్న ముక్కని కొంచెం దించి సమం చేశారు. పెంచడానికంటే తగ్గించడానికే ఆయన ముందు చూస్తారని అప్పుడు గమనించాను. తర్వాత గదిలోనూ అదే చేశారు.

ఖాళీ 'ఎ' తీగ ఇంకా కొంచెం మొద్దుగా ఉంది, ఫ్రెట్ నొక్కితే మాత్రం శుభ్రంగా ఉంది. అంటే తప్పు నెక్ చివర తీగ ఆనే నట్ దగ్గర. చూస్తే తీగను కీకి పైపైన చుట్టారు, నట్ దాటాక కిందికి దిగే వాలు చాలడం లేదు. తీగను వదులు చేసి చుట్లు కిందికి దిగేలా మళ్లీ చుట్టారు. ఖాళీ తీగ గొంతు విచ్చుకుంది.

'జి' తీగ ఆరో ఫ్రెట్ సంగతి వేరు. అక్కడి 'సి షార్ప్' చప్పున ఆరిపోతుంది. అదే స్వరం 'డి' తీగ పదకొండో ఫ్రెట్ దగ్గర నిండుగా నిలబడుతుంది. ఇలాంటి చోటుని డెడ్ స్పాట్ అంటారు. పొడవాటి చెక్క నెక్‌కి తనదైన కంపనం ఒకటి ఉంటుంది. తీగ స్వరం దానికి దగ్గరపడితే తీగలోని శక్తిని నెక్ లాగేసుకుంటుంది. బోల్టులతో బిగించిన చెక్క నెక్‌ల మీద ఇది ఎక్కువగా 'జి' తీగ ఐదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గరే కనబడుతుంది. ఆయన సంచిలోంచి చిన్న క్లాంపు తీసి హెడ్‌స్టాక్‌కి బిగించారు. బరువు పెరగడంతో నెక్ కంపనం నెమ్మదించింది, డెడ్ స్పాట్ ఒక ఫ్రెట్ కిందికి జరిగింది. పోలేదు, జరిగింది. ఆ తేడాను ఆయన దాచలేదు. "ఇది చెక్క స్వభావం తమ్ముడూ, డబ్బు తీసుకుని మాయం చేస్తానని చెప్పలేను. నోటు నిలబడాల్సిన చోట 'డి' తీగ మీద వాయించుకో" అన్నారు. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తల లేని, కార్బన్ ఫైబర్ మిశ్రమంతో చేసిన బేస్ తెచ్చాక ఈ బెడదకు ఒక మంచి మందు దొరికింది. చెక్క బేస్ వాయించేవాళ్లు మాత్రం తమ నెక్ స్వభావం తెలుసుకుని నడుచుకోవాల్సిందే.

తర్వాత చేయి. ఒకే స్వరాన్ని చూపుడువేలు, నడిమివేలు మార్చి మార్చి మీటమన్నారు. తెర మీద ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, మళ్లీ పెద్దగా కనబడింది. నడిమివేలు బలహీనం. దీనికి స్క్రూడ్రైవర్ పనికిరాదు, రోజూ పావుగంట నెమ్మదిగా సాధన చేయాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు 1960లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవారు. వేళ్ల మధ్య ఎక్కువతక్కువల సమస్యే లేదు. ఆయన 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క ఉండేవి. పైగా అక్కడి స్టూడియోలో బేస్‌ని చాలావరకు నేరుగా మిక్సర్‌కే కలిపి రికార్డు చేసేవారు. చిన్న స్టూడియోలో తీసిన ఆ పాటల్లో బేస్ ప్రతి స్వరమూ సమానంగా పలకడానికి జేమర్సన్ ప్రతిభ మొదటి కారణం. గదిని మధ్యలోకి రానివ్వకపోవడం కూడా ఒక కారణమేనని నేననుకుంటాను.

మన కుర్రాళ్లకు గదిని తప్పించుకునే వీలు లేదు. అప్పుడు ఆయన సంచిలోంచి కొలత టేపు తీశారు. గిటార్లు బాగుచేసే మనిషి దగ్గర గోడలు కొలిచే టేపు ఉండటం చూసినప్పుడే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

ఆ లెక్క చాలా చిన్నది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు వెళుతుంది. అందులో సగం 565. ఈ 565ని గది కొలతతో భాగిస్తే ఆ రెండు గోడల మధ్య ఏ స్వరం మొదట ఉప్పొంగుతుందో వస్తుంది. 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, అది 'ఎఫ్ షార్ప్'కి దగ్గర. 10 అడుగుల వెడల్పుకు 56 పైచిలుకు, అది 'ఎ' పక్కనే ఉంది. ఎత్తు కూడా 10 అడుగులే కావడంతో అదే సంఖ్య మళ్లీ వచ్చింది. రెండు దిక్కుల బలమూ ఒకే స్వరం మీద పడింది. 'సి' ఉన్నది 65 దగ్గర. ఆ చుట్టుపక్కల ఈ గదికి తనదైన స్వరమేదీ లేదు. కాబట్టి 'ఎ'కి గది గొంతు కలుపుతుంది, 'సి' ఒంటరిగా పాడాలి. ఖాళీ 'ఇ' అలల నిడివి 27 అడుగుల పైనే, ఈ గదిలో ఏ మూల నుంచి ఏ మూలకు కొలిచినా అంత దూరం లేదు. చిన్న గదిలో అడుగు స్వరాలు విడివిడిగా, ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ప్రవర్తించడానికి కారణం ఇదే. పెద్ద హాలులో ఇలాంటి ఉప్పొంగే స్వరాలు వందలకొద్దీ దగ్గరదగ్గరగా పడి ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. గది కుదించేకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది.

లెక్క చెప్పి ఊరుకోలేదు, చూపించారు. బేస్ అబ్బాయిని 'ఎ' స్వరం ఆపకుండా వాయించమని, కీబోర్డు అబ్బాయిని గోడ దగ్గర నుంచి మధ్యకు నడవమన్నారు. రెండు అంగలు వేసేసరికి ఎవరో వాల్యూమ్ తగ్గించారనుకుని అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. ఉప్పొంగే మొదటి స్వరానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. నిలబడ్డ మనిషి చెవి ఎత్తు సుమారు ఐదడుగులు, పదడుగుల స్లాబు కింద అది కూడా సరిగ్గా మధ్యే. పాపం బేస్ అబ్బాయి తన 'ఎ' తనకు ఏ వైపు నుంచీ వినబడని చోటు ఎంచుకుని నిలబడ్డాడు. ఆ ఒక్క నడకతో ఎన్నాళ్ల తగువో తీరిపోయింది. నేను ఆ రోజు చూసినవాటిలో అన్నిటికంటే గొప్ప పని ఇదే. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క పరికరం మార్చలేదు. ఇద్దరు వాయిద్యకారులు ఒకరి చెవిని ఒకరు నమ్మారు.

యాంప్ గది మూలన నేల మీద ఉంది. మూల అంటే రెండు గోడలూ నేలా కలిసే చోటు. గదిలో ఉప్పొంగే ప్రతి స్వరాన్నీ పూర్తిగా రెచ్చగొట్టే చోటు అదే. దాన్ని తీసి పదడుగుల గోడకు సరిగ్గా మధ్యలో పెట్టారు. వెడల్పు వల్ల ఉప్పొంగే 'ఎ'కి అక్కడ ఊతం దొరకదు. నేల మీద కాకుండా రెండున్నర అడుగుల బల్ల మీదికి ఎక్కించారు, ఎత్తు వల్ల వచ్చే ఉప్పెన కూడా కొంత తగ్గింది. పైగా స్పీకర్ బేస్ అబ్బాయి మోకాళ్లకు కాకుండా చెవులకు దగ్గరైంది. అతన్ని నడిమధ్య నుంచి జరిపి ఒక పక్క గోడకు మూడడుగుల దూరంలో, పొడవులోనూ సరిగ్గా సగం కాని చోట నిలబెట్టారు. కొలతలు వేయడం ఇష్టం లేనివాళ్లకు ఆయన ఇంకో దారి చెప్పారు. యాంప్‌ని బేస్ వాయించేవాడు నిలబడే చోట పెట్టి వాయిస్తూ ఉంటే, ఇంకొకరు గోడల వెంట నడుస్తూ స్వరాలన్నీ సమంగా వినబడే చోటు వెతకాలి. దొరికాక యాంప్‌ని అక్కడికి మార్చాలి. స్పీకర్ చోటూ చెవి చోటూ తారుమారు చేసినా వాటి మధ్య గది చేసే మార్పు మారదు, అందుకే ఈ ఉపాయం పనిచేస్తుంది.

ఆ తర్వాతే నాబ్‌ల దగ్గరికి వచ్చారు. బేస్, ట్రెబుల్ పూర్తిగా పెంచి మిడ్ దించేసి ఉంది. ఒంటరిగా వాయించుకునేటప్పుడు ఇది కమ్మగా ఉంటుంది, నలుగురితో కలిసేసరికి బేస్ ఎటుపోయిందో తెలియదు. 'ఇ' తీగ అడుగు స్వరం 41 హెర్ట్జ్. పది అంగుళాల స్పీకర్ ఉన్న చిన్న యాంప్ దాన్ని అంతంతమాత్రంగానే పలికిస్తుంది. మనం ఆ స్వరాన్ని గుర్తుపట్టేది ఎక్కువగా దాని పైన పలికే అనుస్వరాల వల్ల. మిడ్ దించేస్తే పోయేవి అవే. బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే తేల్చారు, శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి అడుగు స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా తగ్గిపోతాయని. ఇంట్లో మెల్లగా వాయిస్తూ కుదుర్చుకున్న సెట్టింగు జామ్ రూమ్‌లో కుదరకపోవడానికి అదొక కారణం. ఆయన బేస్ నాబ్‌ని తగ్గించి, మిడ్‌ని పైకి తెచ్చి, డ్రమ్స్‌తో కలిపి వాయించమన్నారు.

కుర్రాడి దగ్గర కొత్తగా కొన్న కంప్రెసర్ పెడల్ ఉంది. గట్టి స్వరాలను తగ్గించి మెత్తవాటిని లేపుతుందని కొనిపించారు. వేళ్ల మధ్య తేడాకు అది పనికొస్తుంది. గది చేసే తేడాకు పనికిరాదు, ఎందుకంటే దాని పని యాంప్‌కు ముందే అయిపోతుంది, గది పని ఆ తర్వాత మొదలవుతుంది. గోడల దగ్గర ఏం జరగబోతోందో ఆ పెడల్‌కి తెలిసే దారి లేదు. మనవాళ్లు అనవసరంగా డబ్బు తగలేసే చోట్లలో ఇదొకటి.

ఇంకోటి కోడిగుడ్ల ట్రేలు. వీటి మీద నాకున్న కోపం దాచుకోను. పైస్వరాల పదును కొంచెం విరచడం తప్ప ఆ పలచటి అట్టలు 27 అడుగుల అలని ఏమీ చేయలేవు. పైస్వరాలు తగ్గేసరికి గది ఇంకా గుమ్మంటుంది. పైగా నిప్పు తగిలితే గోడలన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. బేస్‌ని కొంతైనా తాగాలంటే మందం కావాలి. మూలల్లో నేల నుంచి పైదాకా అడుగు మందాన రాక్‌వూల్ పెట్టి గుడ్డ కప్పితే మంచిది. అంత ఖర్చు పెట్టలేకపోతే పాత దూది పరుపులు చుట్టి మూలల్లో నిలబెట్టినా ఏమీ లేకపోవడం కంటే నయం. తలుపు తెరిచినా ఉప్పెన తగ్గుతుంది, పక్కింటివాళ్లు ఒప్పుకుంటే.

చివరగా కీబోర్డు. ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాళ్లు లేని రోజుల్లో కీబోర్డు వాళ్లు ఎడమచేత్తో ఆ లోటు పూడ్చడం అలవాటు చేసుకున్నారు. బేస్ వచ్చాక కూడా ఆ చెయ్యి ఆగదు. రెండు వాయిద్యాలు ఒకే అడుగు స్వరాన్ని పలికితే ఒకసారి కలిసి పెరుగుతుంది, ఒకసారి కొట్టుకుపోతుంది. నింద మాత్రం బేస్ మీద పడుతుంది. "ఎడమచెయ్యి కొంచెం పైకి జరుపుకో తమ్ముడూ" అన్నారు ఆయన. ఆ మాట గుచ్చుకోకుండా అనడం కూడా పనితనమే.

మళ్లీ పాట మొదలుపెట్టారు. 'ఎ' తన హద్దులోకి వచ్చింది. 'ఎఫ్ షార్ప్' ఇంకా కాస్త మోగుతోంది. 'సి' ఇంకా పక్కవాటికంటే మెత్తగానే ఉంది, కానీ పాటలో తన చోట తాను వినబడుతోంది. ఈ గదిలో అంతకంటే సమం చేయాలంటే గోడలు మార్చాలని ఆయనే చెప్పారు. కుదిరింది ఎంతో, కుదరనిది ఎంతో చెప్పి లేచే రిపేరు మనుషులను నేను చాలా తక్కువమందిని చూశాను.

జామ్ రూమ్‌లు నడిపేవాళ్లకు, చర్చిల్లో సౌండ్ చూసుకునేవాళ్లకు ఒక విన్నపం. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి, 565ని ఒక్కోదానితో భాగించి, వచ్చిన మూడు సంఖ్యలనూ తలుపు మీద రాసి అంటించండి. బేస్ యాంప్‌కి కుదిరిన చోటు దొరికాక నేల మీద రంగు టేపుతో గుర్తు పెట్టండి. బేస్ వాయించే పిల్లలు కొత్త పికప్ కొనే ముందు, కొత్త యాంప్ కొనే ముందు, ఒక్కసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్టూ వాయించి వినండి. తేడా అందులో లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని యాంప్‌ని మూలలోంచి బయటికి లాగండి.